ముదరని ఎముక

సంచి సర్దడమంటే రాహేలుకు భయం. తన చేత్తో సర్దిన సంచి పట్టుకుని గడప దాటినవాళ్ళు తిరిగి రారన్న మాట ఏనాడో ఆమె మనసులో నాటుకుపోయింది. తండ్రి మత్తయి గుంటూరు ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు దుప్పటీ, గ్లాసూ, బైబిలూ పెట్టి ఇచ్చింది తనే. తమ్ముడు అజయ్ బాబు ఓడ మీద పనికని విశాఖపట్నం వెళ్ళేటప్పుడు చొక్కాలు మడిచి పెట్టిందీ తనే. ఆ సంచులు ఇంటికి వచ్చాయి, మనుషులు రాలేదు. అప్పటి నుంచీ ఎవరికి సర్దినా ఏదో ఒకటి కావాలనే బయట ఉంచేస్తుంది. దువ్వెనో, తువ్వాలో. దానికోసమైనా వెనక్కి రావాలిగా అని.

ఈసారి సర్దుతున్నది తన సంచే. రెండు చీరాల నేతచీరలు, మోకాళ్ళకు రాసుకునే నూనె, కళ్ళజోడు, సగం చదివిన పుస్తకం. వాటి మీద ముత్యం తలతాడు, ఒళ్ళు రుద్దే బ్రష్షు, డాక్టరమ్మ ఇచ్చిన మందుపొడి. ఏం వదిలి వెళ్ళాలా అని గది నాలుగు మూలలా చూస్తూ ఉండగానే గుమ్మంలోంచి ఆమె భర్త బర్నబాస్ కేకేశాడు.

"పెళ్ళికెళ్తున్నావా ఏంటే అంత సర్దుతున్నావ్? నెలరోజులేగా! లారీ ఆయన హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు."

ఆ కంగారులో ఏదీ వదలకుండానే సంచి నోరు కట్టేసింది.

ముత్యం అంటే ఎనిమిది నెలల గుర్రప్పిల్ల. తెనాలిలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రమూ, వెండిరంగు బగ్గీ అద్దెకిచ్చే బర్నబాస్ ఇంట్లో, తెల్లటి తల్లికి తెల్లగానే పుట్టిన ఆడపిల్ల. పుట్టిన గంటకే కాళ్ళు బార్లా చాపి లేచి నిలబడి, తల్లిని వదిలేసి రాహేలు చీర కుచ్చిళ్ళు నాకింది. ఆ రోజునుంచే బర్నబాస్ కళ్ళముందు ఒకటే బొమ్మ. వేమూరులో ఒక పెద్దింటివాళ్ళ పెళ్ళి ఉంది, వచ్చే మాఘంలో. తల్లీకూతుళ్ళిద్దరూ జంటగా, మెడలో గంటలతో ముందు నడవాలి. మాట ఇచ్చేశాడు. మాఘానికల్లా పిల్ల తల్లి భుజానికి రావాలి.

ఆయన మేనమామ ఒకప్పుడు బండలాగే పందేల ఎడ్లను మేపినవాడు. ఆ మేనమామ దగ్గర చూసిందే ఆయనకు శాస్త్రం. "కోడెకి పెట్టినట్టు పెట్టు, కోడెలా లేచుద్ది," అన్నాడు. పెట్టమన్నది ఆయన, పెట్టింది రాహేలు. చీకటితోనే లేచి, తమ పొయ్యి వెలిగించకముందే, పెరట్లో పొయ్యి మీద ఉలవలు ఉడకేసేది. అందులో తవుడు, బెల్లం, కోడిగుడ్లు. ఉడికే ఉలవల వాసన చీరకు పట్టేసి, ఆదివారం ఆరాధనలో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు చిట్లించేవాళ్ళు. తెల్లటి ఒళ్ళు మాసిపోతుందని పిల్లను మట్టిలోకి వదలకుండా సిమెంటు గచ్చు మీద కట్టేయించాడు. ఆ గచ్చు కడగడమూ రాహేలు వంతే. చూసినవాళ్ళంతా "బర్నబాస్ గారి పెంపకం" అన్నారు.

నిజంగానే పిల్ల లేచింది. లేచి లేచి, జూలై నెలలో ఒకనాడు, మూడు కాళ్ళ మీద నిలబడింది. ముందు మోకాళ్ళ పైన బొప్పి కట్టినట్టు వాపు. డెక్క పైన వాలుగా ఉండాల్సిన కీలు నిటారుగా అయిపోయి, అడుగేస్తే ముందుకు తూలుతోంది. రాహేలు వేలు ఆనిస్తే వేడిగా తగిలింది. పిల్ల కాలు లాక్కోలేదు. తల తెచ్చి ఆమె భుజం మీద పెట్టింది.

డాక్టరు నీరజ వచ్చి, గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు తడిమి చూసింది. "ఏం పెడుతున్నారండీ?"

రాహేలు చెప్పింది. చెబుతుంటే మొదటిసారి తన చేతులు తనకే పరాయివిగా అనిపించాయి.

"అంత తిండి పెడితే ఎముకకి తొందర పుడుతుందమ్మా. పొడవు పెరుగుతుంది, గట్టిపడేందుకు వ్యవధి ఉండదు. నరం దాంతో సమంగా సాగలేదు, అందుకే కీలు అలా నిక్కింది. తవుడు ఎక్కువైతే ఒంట్లో సున్నం కూడా కుదరదు. పైగా ఈ గచ్చు. వెంటనే దాణా ఆపండి. పచ్చగడ్డి, నేనిచ్చే పొడి, అంతే. ఇసుక నేల మీద వదిలేయండి, తనంతట తను తిరగాలి. డెక్కలు తరచూ చెక్కిస్తూ ఉండాలి. చిన్నది కాబట్టి సర్దుకుంటుంది. ఇలాగే మేపారా, జన్మంతా కుంటుతూనే ఉంటుంది."

"అంటే పస్తు పెట్టి పెంచమంటారా డాక్టరుగారూ?" అని నవ్వాడు బర్నబాస్. ఆమె వెళ్ళాక భార్య వైపు తిరిగాడు. "నీ చెయ్యి సరిగ్గా లేదు. ఉడకబెట్టడం కూడా చాతగాకపోతే ఎట్టా? పేపరు చదూతూ పొయ్యి దగ్గర కూర్చుంటే ఇట్టాగే ఉంటది. కలెక్టరమ్మ చదువుతుంటది, ఇక్కడ ఉలవలు మాడుతుంటయి."

రాహేలు బడికి పోయింది మూడో తరగతి దాకానే. ఆ తరవాత చదువంతా పొట్లాల కాగితాల మీద, చర్చి పత్రికల మీద, ఎవరో పారేసిన నవలల మీద. దాన్ని దొంగతనంలా దాచుకుని చదివి చదివి, ముసలితనం వచ్చాక కూడా ఆయన అడుగుల చప్పుడైతే కాగితం పీట కింద తోసేయడం అలవాటైపోయింది. "బాపట్లలో మా అన్నమ్మ దొడ్డి అంతా ఇసుకేనండి," అని మాత్రం అంది.

అన్నమ్మ ఆమె చెల్లెలు. నర్సుగా చేసి రిటైరైంది, పెనిమిటి పోయాడు. బర్నబాస్ గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. పిల్ల కుంటిదైతే వేమూరు మాట పోతుంది. "సరే పట్టుకెళ్ళు. దగ్గరుండి చూసుకోవడానికి నువ్వుండు. ఇంట్లో నీకు పనేముంది గనక."

చేతిలో అంట్లగిన్నె అలాగే పట్టుకుని ఆమె ఒక్క క్షణం ఆగిపోయింది. యాభై ఏళ్ళు పైబడిన కాపురం. పనేముంది గనక. ఆ మాట చెవిలో పడ్డాక, విచిత్రంగా, బాధకు ముందు తేలిక వచ్చింది. పని లేని మనిషికి సెలవు అడగనక్కర్లేదు కదా.

పొన్నూరు మీదుగా లారీ పోతుంటే రాహేలు డ్రైవరు పక్కన కూర్చోనంది. వెనక గడ్డి మీద, పిల్ల పక్కనే చతికిలబడింది. కాలవ గట్ల మీద గాలి, తడి గడ్డి వాసన. ఆ వాసనకు రేపల్లె గుర్తొచ్చింది. రేపల్లె స్టేషను బయట నాన్న జట్కా, దానికి కట్టిన చుక్క అనే గుర్రం. నాన్న ఆమెను ముందు కూర్చోబెట్టుకుని, ప్రయాణికుల కోసం చూసే వేళల్లో బైబిలు తెరిచి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టించేవాడు. చుక్కకు పిల్ల పుట్టినప్పుడు ఎంత సంబరమో! అది ఏడాదిన్నరదైనప్పుడు పక్క జట్కావాడు వచ్చి, "కట్టెయ్ మత్తయ్యా, ఒళ్ళు చూడు ఎట్టా ఉందో, ఊరికే మేపుతావా?" అన్నాడు. నాన్న నాలిక కరుచుకున్నాడు. "ఒళ్ళు చూసి కాదబ్బాయ్. ముదరని ఎముక మీద బరువు పెట్టకూడదు. పాపం తగులుద్ది." నాలుగో ఏడు వచ్చేదాకా దాని మెడకు తోలు ఆననివ్వలేదు. అది ఊరికే జట్కా వెంట పరుగెత్తేది.

రాహేలు పెళ్ళయి తెనాలి రైలెక్కిన రోజున కూడా ఆ గుర్రప్పిల్ల అలాగే స్టేషను దాకా పరుగెత్తుకొచ్చింది. "ఏడవమాకమ్మా, వచ్చే ఆదివారం వస్తాగా," అన్నాడు నాన్న. వచ్చాడు కూడా. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, కూతురి చేతుల వైపు చూడకుండా వెళ్ళేవాడు. కాలవ నుంచి నీళ్ళ బిందెలు మోసిన చేతులవి. అత్తగారు ఆయన ఎదుటే అనేది: "ఎదిగే పిల్లేలే, పని చేస్తే ఎముక గట్టిపడుద్ది." పదిహేనో ఏట మొదటి కాన్పు. బిడ్డ దక్కలేదు. మరి కడుపు పండలేదు. "నడుం బలం లేని పిల్లని అంటగట్టారు," అనేది అదే అత్తగారు.

లారీ గతుకులో పడి లేచింది. పిల్ల కాలు నొప్పెట్టి మూలిగితే రాహేలు దాని మెడ చుట్టూ చెయ్యి వేసింది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది, గాలిలోకి. "నాలుగేళ్ళు రాందే గుర్రానికి బండి కట్టనివాడివి. పద్నాలుగేళ్ళకి నన్నెట్టా కట్టావు నాన్నా?"

కోపంగా కాదు. అడగాలని తోచేలోపే పోయినవాణ్ణి అడిగినట్టు.

బాపట్లలో మొదటి వారం రాహేలు చీకటితోనే లేచి, ఎక్కడా పొయ్యి రాజెయ్యాల్సిన పని లేక, దొడ్డి గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ కూర్చునేది. "ఏంటక్కా, దొంగ వచ్చినట్టు లేచి కూర్చుంటావు? పడుకో," అని విసుక్కునేది అన్నమ్మ. ముత్యమూ అంతే. తాడు విప్పినా గోడ పక్కనే, గచ్చు మీద ఉన్నట్టు కదలకుండా నిలబడేది. ఇసుకలో కాలు దిగితే బెదిరేది. రాహేలు ముందు నడిచేది, గడ్డి చూపిస్తూ. ఇద్దరూ కుంటుతూ కొబ్బరిచెట్టు దాకా, మళ్ళీ వెనక్కి.

బాపట్లలో ఏదో పనుండి వచ్చి, మందుపొడి ఇచ్చి పోదామని ఆగిన నీరజ అది చూసి నవ్వింది. "కుంటేవాళ్ళు ఇద్దరున్నారే! మీ మోకాళ్ళు ఎప్పటి నుంచమ్మా?"

ఎప్పటి నుంచి అని ఎవరూ అడగలేదు ఇంతవరకూ. "చిన్నప్పట్నుంచేనండి," అంది రాహేలు.

వానలు పడి దొడ్డి నిండా గడ్డి లేచేసరికి పిల్ల మోకాళ్ళ వేడి తగ్గింది. డొక్కలు కాస్త కనిపించాయి గానీ, కీలు మెల్లగా వాలింది. ఒక పొద్దున రాహేలు అరుగు మీద కూర్చుని, దాచకుండా, బాహాటంగా పుస్తకం చదువుకుంటుంటే దొడ్డిలో ధడధడ చప్పుడైంది. తలెత్తి చూస్తే ముత్యం ఇసుక చిమ్ముతూ గోడ నుంచి గోడకు పరుగెత్తుతోంది. ఎవరూ తోలకుండానే. రాహేలు ఏడ్చింది. అన్నమ్మ కూరగాయలు తరుగుతూ, "ఇది బాగుంది, కుంటినప్పుడూ ఏడుపే, ఉరికినప్పుడూ ఏడుపే," అంది.

నెల అనుకున్నది, పిల్ల కాళ్ళు పూర్తిగా కుదిరేదాకా అని, సాగుతూ పోయింది. బర్నబాస్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ముత్యం ఎట్టా ఉంది? ఎంత ఎత్తొచ్చింది? చొక్కాలు ఎక్కడ పెట్టావు? ఉలవలు మళ్ళీ మొదలెట్టావా? క్రిస్మస్‌కు ముందు ఒకనాడు అడిగాడు. "మాఘానికి తయారవుద్దా, అవ్వదా?"

"అవ్వదండి. నాలుగో ఏడు వచ్చేదాకా దాన్ని దేనికీ కట్టకూడదు."

"అంటే మూడేళ్ళు ఊరికే మేపాలా? పనికిరాని దానికి మేతెందుకు? ఎవరికన్నా ఇచ్చేసెయ్. లారీ పంపుతున్నా, నువ్వొచ్చెయ్. ఇక్కడ ఇల్లు ఇల్లులా లేదు."

"ఇచ్చెయ్యమంటారా?"

"ఇచ్చెయ్యమనేగా చెబుతున్నా!"

ఫోను పెట్టేసి రాహేలు గదిలోకి వెళ్ళింది. సంచి తీసింది. తెనాలి ఇంట్లో తనవి ఏం ఉండిపోయాయా అని ఒక్కో అలమరా, ఒక్కో గూడూ తలుచుకుంటూ వచ్చింది. వెళ్ళేనాటి కంగారు గుర్తొచ్చింది. వెనక్కి రప్పించేందుకు అక్కడ ఏదీ వదల్లేదు. ఇది నాదీ అని చెప్పుకునేవన్నీ ఈ ఒక్క సంచిలోనే పట్టాయి. దాన్ని దులిపి, మడిచి, అన్నమ్మ బీరువా మీద పెట్టింది.

లారీ వచ్చింది. "అమ్మగారేరీ?" అని గుమ్మంలో కేకేసి డ్రైవరు ఫోన్లో బర్నబాస్‌తో మాట్లాడుతుంటే, రాహేలు చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"పిల్లని ఇచ్చేశావా?"

"ఇచ్చేశానండి."

"ఎవరికి?"

"నాకే."

అవతల నుంచి చాలా మాటలు వచ్చాయి. ఆమె ఫోను డ్రైవరు చేతికిచ్చి, అతనికి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ముత్యానికి మూడేళ్ళు దగ్గరపడుతున్నాయి. తిన్నగా నడుస్తుంది. దాని వీపు మీద ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు.

రాహేలు తెనాలి ఇంటికి తిరిగి రాలేదు. ఆ ఇంటి గడప దాటింది రెండు వేల ఇరవై మూడు ఆగస్టులో, ఒక సోమవారం పొద్దున.