మొదట చూపించే ఇల్లు

మూడో బకెట్టు నీళ్ళు కుమ్మరించి, అతను ముక్కు మూసుకుని పక్కకు తిరిగాడు. నెలల తరబడి మూసి ఉన్న ఇంట్లో మరుగుదొడ్డి గొట్టంలో నీళ్ళు ఎండిపోయి, కింద ఉన్న కంపంతా పైకి తన్నుకొస్తుంది. కొనేవాళ్ళు రాకముందే ఆ కంపు పోగొట్టాలి. కిటికీలు బార్లా తెరిచాడు. వంటగట్టు మీద వెల్లకిలా పడి ఉన్న బొద్దింకల్ని చీపురుతో ఊడ్చాడు. మాడిపోయిన బల్బు తీసి, జేబులో తెచ్చుకున్న బల్బు బిగించాడు. కొనేవాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ ఆ బల్బు తీసి జేబులో వేసుకోవాలి. బ్రోకరు పిసినారితనం అలాంటిది.

అమ్మానాన్నా పెట్టిన పేరు అతనికి ఒకటుంది గానీ, ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ బ్రోకరు దగ్గర తాళపుచెవుల గుత్తి మోస్తున్నాడు కనక అందరూ తాళాలు అనే పిలుస్తారు. యాభై ఆరేళ్ళ మనిషి. గుత్తి బరువుకి కుడి భుజం కాస్త కిందికి దిగింది. ఎంత తోముకున్నా వేళ్ళకు ఫినాయిలు వాసన వదలదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ముందు అదే తగులుతుంది. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు తెరిచినవాడికి సొంతానికి ఉన్నది ఒక అద్దె గది. దాని తాళం గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుంది.

ఇల్లు అమ్ముడుపోకపోతే జనం వంద కారణాలు చెబుతారు. గోడ బీటలు వారిందంటారు, వెలుతురు లేదంటారు, వంటగది ఇరుకంటారు. వట్టి మాటలు. బీటలు వారిన గోడకూ ఒక ధర ఉంటుంది. ఆ ధర చెబితే కంపు కొట్టే కొంప కూడా పోతుంది, చెప్పకపోతే అద్దంలా మెరిసే ఇల్లూ పడి ఉంటుంది. సొంతదారు తను పెట్టిన ఖర్చూ, పడ్డ కష్టమూ కలిపి ధర కడతాడు. కొనేవాడికి ఆ కష్టంతో పనేమిటి? ఆ వీధిలో ఈమధ్య నిజంగా అమ్ముడైన రెండు మూడు ఇళ్ళు ఎంతకు పోయాయో చూసి, మన ఇంటి లోట్లకు కొంత తగ్గించుకోవాలి. పదిమంది చూసి వెళ్ళినా ఒక్కడూ బేరమాడలేదంటే ధర ఎక్కువ. అసలెవడూ గడప తొక్కలేదంటే మరీ ఎక్కువ. ఇంతే విద్య. తాళాలు ఇది ఎప్పుడో నేర్చుకున్నాడు, కానీ ఎవరికీ చెప్పే హక్కు అతనికి లేదు.

నర్సమ్మ ఇంటి ధర నర్సమ్మ కట్టింది కాదు. ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్ళు సూదులు పొడిచి రిటైరైన మనిషికి ఇళ్ళ ధరలేం తెలుస్తాయి? బ్రోకరు నలభై ఎనిమిది లక్షలన్నాడు, ఆవిడ సరేనంది. అది ముప్పై ఆరుకు పోయే ఇల్లు. బ్రోకరుకు ఆ సంగతి బాగా తెలుసు. ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్ళేవాడు. ఆ ధర విని గుండె జారినవాళ్ళకి, తర్వాత నలభైకి చూపించే ఇల్లు కారుచౌకగా కనిపించేది. “ముందు చేదు మింగించాలోయ్. ఆపైన మంచినీళ్ళు కూడా తియ్యగానే ఉంటాయి” అనేవాడు.

అలా పద్నాలుగు నెలల్లో అరవై మూడుసార్లు చూపించారు. నర్సమ్మ అక్క వేరే ఊళ్ళో పక్షవాతంతో మంచాన పడి ఉంది. ఉన్నది ఒక్క గది, అందులో మంచం పోగా మనిషి తిరగడానికి కూడా చోటు లేదు. పక్క వాటా అమ్మకానికి ఉంది. ఈ ఇల్లు అమ్మి అది కొనుక్కుని, అక్క దగ్గరుండి చూసుకోవాలని నర్సమ్మ ఆశ. ఊరంతటి రోగుల్ని చూశాను, ఇంటి రోగిని చూసుకోలేకపోతున్నానని ఎప్పుడూ అనేది.

కొనేవాళ్ళు వెళ్ళిన ప్రతిసారీ, “ఏం నచ్చలేదట తమ్ముడూ?” అని అడిగేది. ధర అని చెప్పకూడదని బ్రోకరు ఆజ్ఞ. తాళాలు నోటికొచ్చింది చెప్పేవాడు. వంటగది చీకటి అన్నారని చెబితే, నర్సమ్మ వారం తిరక్కుండా పైకప్పుకు గాజుపెంకులు వేయించింది. ఇంకోసారి మెట్లు ఎత్తు అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి మేస్త్రీ పక్కన నిలబడి ఇటుకలందించి మరీ మెట్లు కట్టించుకుంది. రోగం ఏమిటో చెబితే మందు వేయడం తప్ప ఆవిడకు ఇంకో విద్య రాదు.

ఆ రోజు పొద్దున్నే, తర్వాత చూపించబోయే మూసి ఉన్న ఇల్లు కడిగి, తాళాలు నర్సమ్మ ఇంటికి వచ్చాడు. పది గంటలకు బ్రోకరు ఒక జంటను అక్కడికి తీసుకొచ్చాడు. కొనేవాళ్ళ కంట సొంతదారు పడకూడదన్నది బ్రోకరు పెట్టిన నియమం. అందుకని నర్సమ్మ గేటు బయట గోడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చినప్పుడల్లా పలకరించే మనిషి ఇవాళ తలెత్తలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాడు తాళాలు.

లోపల ఆ భార్య బీరువా తెరిచి, మడతపెట్టిన బట్టల్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. భర్త ఫ్రిజ్ తెరిచి పాలగిన్నె వాసన చూశాడు. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళకు పాలతో పనేమిటో ఆ దేవుడికే తెలియాలి. “ముసలి వాసన” అంది ఆవిడ మూతి తిప్పి. ఆ మూతి మీద ఫినాయిలు పొయ్యాలనిపించింది తాళాలుకి.

పెరటి తలుపు తెరిచి అతను ఆగిపోయాడు. జామచెట్టు లేదు. నేల మీద జానెడు మోడు, చుట్టూ రంపపు పొట్టు. ఇరవై రోజుల కిందట బస్సు తప్పిపోతుందన్న తొందరలో, “ఆకులు రాలి పెరడంతా చెత్తగా ఉందన్నార”ని తనే అన్నాడు. ఎవరూ అనలేదు. ఆ చెట్టు కాయలు సంచిలో వేసి ఎన్నిసార్లు ఇచ్చి పంపిందో ఆవిడ.

“ఇక్కడొక చెట్టుంటే ఎంత బావుండేదండీ!” అంది ఆ భార్య.

తాళాలు పెరటి తలుపు మూసేశాడు. ఇన్నేళ్ళుగా ఇళ్ళలోని కంపు పోగొడుతున్నాననుకుంటున్నాడు. అసలు కంపు తన నోట్లో ఉంది.

మధ్యాహ్నం ఆఫీసులో బ్రోకరు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు. “పడ్డారోయ్! ఆ రెండో ఇంటికి నలభై ఇస్తామన్నారు. సాయంత్రం వెళ్ళి ఆ ముసలమ్మకి గోడలు చెమ్మగా ఉన్నాయన్నారని చెప్పు. గీకించి సున్నం వేయించేసరికి రెండు నెలలు గడుస్తాయి.”

“ముప్పై ఆరుకి పెడితే ఆ ఇల్లు పోతుంది కదండీ.”

“పోతే ఎలాగయ్యా? ముందు చూపించడానికి ఇంకో ఇల్లు నువ్వు తెస్తావా?” అని బ్రోకరు పళ్ళలోంచి తీసిన దాన్ని చూసుకుని, బల్ల అంచుకు రాశాడు.

తాళాలు గుత్తి తీసి ఆ బల్ల మీద పెట్టాడు.

“ఏంటిది?”

“బరువుగా ఉందండీ” అని బయటికి నడిచాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం మెట్లు దిగేలోపు అయిపోయింది. గొప్ప పని చేశానన్న తృప్తి కూడా కలగలేదు. బల్లకు రాసిన ఆ మెతుకే కళ్ళ ముందు కనిపిస్తోంది.

అతను వెళ్ళేసరికి నర్సమ్మ చేతిసంచితో గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ నోరు తెరవకముందే తాళాలు ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. “మీ ఇంటికేం లోటు లేదమ్మా. ధర ఒక్కటే ఎక్కువ. ముప్పై ఆరు చెప్పండి, నెల తిరక్కుండా పోతుంది. మా బ్రోకరు దగ్గర మాత్రం ఉంచకండి. మిగతా ఇళ్ళు చౌకగా కనిపించాలని మీ ఇల్లు ముందు చూపిస్తాడు. ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ అబద్ధాలు.”

నర్సమ్మ గుమ్మం ముందున్న మెట్ల వైపు చూసింది.

“మెట్లు?”

“ఎవరూ అనలేదమ్మా.”

“చెట్టు?”

“అదీ నేనే అన్నానమ్మా.”

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “అక్క పొద్దున పోయింది తమ్ముడూ. ఫోనొచ్చేసరికి మీ వాళ్ళు వీధి మలుపులో ఉన్నారు. వీళ్ళయినా కొంటారేమో, వెనక్కి పంపడం దేనికని కూర్చున్నాను. పోయిన అక్క ఎలాగూ పోయిందనుకున్నాను.”

తాళాలు సంచి అందుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు.

“ముప్పై ఆరా?” అంది.

“ముప్పై ఆరమ్మా.”

“పోయినేడు చెప్పాల్సింది” అంది, రోగికి మందు వేళ దాటిపోయిందని చెప్పినట్టుగా. తర్వాత బస్సు వేళయిందని, కిటికీలు వేసి తలుపు దగ్గరగా లాగమని చెప్పి, కొత్త మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయింది. మలుపు దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

అతను లోపలికెళ్ళి ఒక్కో కిటికీ మూసుకుంటూ వచ్చాడు. పడగ్గది దగ్గర చెయ్యి ఆగిపోయింది. కిందటివారం, పల్లీలు నములుతూ, ఈ ఊచల రంగు వెలిసిపోయిందన్నారని చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ గట్టు మీద మూత తీయని నీలి పెయింటు డబ్బా ఉంది. పక్కనే రెండంగుళాల కొత్త బ్రష్షు, దానికింకా కొట్టువాడు చుట్టిన కాగితం అలాగే ఉంది.