తొమ్మిదో నెల ఎవరికి సార్?

బఠాణీలు ఒలుస్తున్నాను. మా ఆయన చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, పుస్తకం నా ముందు పడేశారు. "నా పరువు తీశావు కదే!"

'ఇంగ్లీషు జాతీయాలు - అర్థాలు, ఉదాహరణలు' అని ఆ పుస్తకం. ఆయన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు చెప్తారు. కవర్ మీద ఆయన పేరు, టై కట్టుకున్న ఆయన ఫొటో. లోపల రాతంతా నాది. "ఇంట్లో ఖాళీయేగా, రాసిపెట్టు" అన్నారు. ఆ ఖాళీ ఏమిటంటే కుక్కర్ రెండో కూతకీ మూడో కూతకీ మధ్య దొరికేది, అత్తగారి మోకాళ్ల కాపడానికి నీళ్లు కాగేలోపు దొరికేది. నా పేరు కూడా వెయ్యండి అంటే, "నువ్వూ నేనూ వేరా ఏమిటే" అని నవ్వేశారు. వేరు కాదు కదా, అందుకే ఫొటో ఒక్కరిదే పడింది! ఎంత ఏడుపొచ్చిందో. ఇక ఉదాహరణలంటారా, వాటికోసం ఎక్కడికి పోను? నా బతుకులోంచే తీశాను. ఆయన తిరగేసైనా చూడకుండా అచ్చుకిచ్చేశారు.

ఇవాళ క్లాసులో ఒకమ్మాయి లేచిందట. "సార్, 'అప్ టు మై నెక్' అంటే పీకల్దాకా పనిలో ఉండటం. అర్థమైంది. కానీ కింద ఉదాహరణలో 'నాకు తొమ్మిదో నెల, అయినా పీకల్దాకా ఇంటి చాకిరీ' అని రాశారు. తొమ్మిదో నెల ఎవరికి సార్?"

క్లాసంతా ఘొల్లుమందట. ఇంకొకడు అందుకున్నాడట. "'వాకింగ్ ఆన్ ఎగ్‌షెల్స్' అంటే ఎదుటివాళ్లకి ఎక్కడ కోపమొస్తుందోనని భయంభయంగా మెలగడం కదా. మీ అత్తగారి మోకాళ్లు నొప్పెడితే మీకంత హడలా సార్?"

నాకు నవ్వాగలేదు. ఒళ్లో బఠాణీలు ఇల్లంతా దొర్లాయి. పక్కగదిలోంచి అత్తగారు కర్ర పట్టుకుని వచ్చేశారు. "నా మోకాళ్లు పుస్తకానికెక్కాయిటే? ఏ పేజీ?" ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"నవ్వింది చాలు," అన్నారాయన. "రెండో ముద్రణ రేపే. 'నేను' అన్నచోటల్లా నాకు తగ్గట్టు మార్చి ప్రెస్సుకి చెప్పు." విసవిసా వెళ్లిపోయారు.

ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. 'నేను పొద్దున్నే లేచి నలుగురికీ డబ్బాలు సర్ది...' దీన్ని ఆయనకి తగ్గట్టు ఎలా మార్చను? డబ్బా మూత ఏది దేనిదో కూడా ఆయనకి తెలీదు. మారిస్తే పిల్లలకి అబద్ధం నేర్పినట్టే. పేజీ తిప్పాను, ఇంకో పేజీ తిప్పాను. అబ్బ, ఎంత బాగా రాశానమ్మా! నన్ను నేనే మెచ్చుకుంటూ పకపకా నవ్వుకున్నాను. ఇన్నేళ్లలో నా మీద నాకింత ముద్దు ఎప్పుడూ రాలేదు.

ప్రెస్సుకి ఫోన్ చేశాను.

"తప్పులు చాలా ఉన్నాయన్నారమ్మా సారు," అన్నాడు ప్రెస్సాయన.

"లోపల ఒక్కటీ లేదండీ. ఉన్న తప్పంతా కవర్ మీదే ఉంది. నా పేరు చెప్తాను, రాసుకోండి."