హూటర్ మోగాక

హూటర్ మోగితే బంతిని బయటికి తన్నెయ్యాలి. ఆ జట్టు అమ్మాయిలను నిద్రలో లేపి అడిగినా ఆ మాటే చెబుతారు. ఏడుగురు చొప్పున ఆడే రగ్బీలో టైమైపోయిందని హూటర్ మోగినంత మాత్రాన ఆట ఆగదు. బంతి పక్క గీత దాటి బయటపడితేనే ముగుస్తుంది. ఎన్నో ఏళ్ల కిందట ఈ జాతీయ జట్టు ముందంజలో ఉండి కూడా, హూటర్ మోగాక బంతితో ఎదుటివాళ్ల చివరి గీత దాటి ఇంకో ట్రై, అంటే ఇంకో అయిదు పాయింట్లు, కొట్టాలని ఆశపడి, బంతి జారవిడిచి, గెలిచే మ్యాచ్‌ను చేజేతులా పోగొట్టుకుంది. ప్రపంచ పోటీల్లో వాళ్లకు అంతకుముందూ గెలుపు లేదు, ఆ తర్వాతా లేదు. అందుకే కోచ్ వచ్చిన రోజు నుంచీ ఈ ఒక్క ముక్కే నూరిపోశాడు.

కెప్టెన్ అతని అక్క కూతురే. మైదానంలో మాత్రం వరసలు కుదరవన్నాడు.

"ఇక్కడ నేను కోచ్‌ని. మామయ్యా గీమయ్యా అంటే ఊరుకోను."

ఆ రోజు ప్రపంచ పోటీల్లో వాళ్ల గ్రూపులో ఆఖరి మ్యాచ్. ఊరికే గెలిస్తే చాలదు, ఆరు పాయింట్ల తేడాతో గెలిస్తేనే క్వార్టర్ ఫైనల్.

"తేడా సంగతి పిల్లలకి చెప్పారా?" అని ఫిజియో అడిగింది.

"చెబితే కాళ్లు వణుకుతాయమ్మా. ముందు గెలవనీ."

ఎవరూ వాళ్ల చెవిన వెయ్యకుండా పొద్దున్నే ఫోన్లు కూడా లాగేసుకున్నాడు, మహానుభావుడు. విరామానికి ఏడు పాయింట్లు వెనకబడ్డారు. ఇక లెక్కలెందుకులే అని అప్పుడూ నోరు మెదపలేదు.

తీరా రెండో సగంలో ఆ పిల్లలు చెలరేగిపోయారు. రెండు ట్రైలూ, వాటి మీద రెండు పాయింట్ల కిక్ ఒకటీ కొట్టి స్కోరు పన్నెండు, ఏడు చేశారు. ఇంతలో హూటర్ మోగింది. బంతి కెప్టెన్ చేతుల్లో ఉంది. ఎదురుగా మైదానం ఖాళీ. వెంటపడుతున్న అవతలి జట్టు అమ్మాయి ఆయాసంతో ఎప్పుడో వెనకబడింది.

గ్యాలరీలో కోచ్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "పరిగెత్తు! పరిగెత్తవే నా తల్లీ!"

ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది? ఆమె ఆగి, పక్కకు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి బంతిని జనంలోకి తన్నేసింది.

రిఫరీ విజిల్ వేశాడు. కోచ్ కుర్చీ దిగాడు. మెట్లెలా దిగాడో అతనికే తెలియదు. కింద అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తూ నవ్వుతున్నారు. కెప్టెన్ పరిగెత్తుకొచ్చి అతన్ని వాటేసుకుంది.

"చూశావా మామయ్యా! హూటర్ మోగిందో లేదో తన్నేశాను. అచ్చం నువ్వు చెప్పినట్టే!"

అదే సమయంలో మైకులో క్వార్టర్ ఫైనల్ జట్ల పేర్లు చదివారు. వాళ్ల పేరు రాలేదు. గంతులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"అదేంటి? మనం గెలిచాం కదా?"

"గెలిచారమ్మా. ఇంకొక్క పాయింటు కావాల్సింది. నాకు తెలుసు. మీకే... నేనే చెప్పలేదు."

అంత సిగ్గు అతను ఏ ఓటమిలోనూ పడలేదు. ఆమె అతని మెడ చుట్టూ ఉన్న చేతులు తీసేసింది. ఖాళీగా ఉన్న ఆ చివరి గీత వైపు ఒకసారి చూసింది.

"చెప్పుంటే పరిగెత్తేదాన్ని కదా, కోచ్."