దయచేసి అనని ప్రార్థన

చూపులేని వాళ్ల కోసం బైబిలు పాత నిబంధనను వాడుక తెలుగులోకి మార్చి రికార్డు చేయించే పని అప్పజెప్పినప్పుడు అనువాదకురాలికి భయమేమీ వేయలేదు. తెలుగు వాక్యం ఎక్కడ కుంటుతుందో ఆమె చెవికి ఇట్టే తెలిసిపోతుంది. గోడల మీది నోటీసులతో కూడా పోట్లాడే రకమని భర్త వేళాకోళం చేస్తాడు. అందులో అబద్ధం లేదు.

హీబ్రూ సంగతి చూసేది మాస్టారు. ఏళ్ల తరబడి ఆ భాష బోధించి రిటైరైన మనిషి. అర్థం తేల్చేదీ ఆయనే, చివరికి మైకు ముందు కూర్చుని చదివేదీ ఆయనే. నూతిలోంచి వచ్చినట్టుండే గంభీరమైన గొంతు. మూడో అంతస్తులో, గోడలకు స్పాంజి అతికించిన ఇరుకు స్టూడియోలో ఇద్దరూ మాట మాటకూ వాదించుకుంటూనే పని లాక్కొచ్చారు.

పేచీ ఒక చిన్న ప్రార్థన దగ్గర వచ్చింది. మోషేను సొంత అక్కే ఆడిపోసుకుంటుంది. అంతలో దేవుడి కోపానికి ఆమె ఒళ్లంతా కుష్ఠు కమ్ముకుంటుంది. అన్ని మాటలన్న ఆ అక్క కోసమే తమ్ముడు దేవుడికి మొరపెట్టుకుంటాడు. హీబ్రూలో ఆ మొర గుక్కెడు ఊపిరంత కూడా ఉండదు. ఆ కాస్తలోనే ‘నా’ అనే మాట రెండుసార్లు వస్తుంది.

“నా దేవా అన్నమాట,” అన్నాడు అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు.

మాస్టారు నవ్వేశారు. ఆ ‘నా’కూ మన ‘నా’కూ ఏ చుట్టరికమూ లేదన్నారు. అది బతిమాలే మాట. ‘ఇప్పుడే’ అన్న తొందర కూడా అందులో ఉందనే పండితులున్నారు. ఏదేమైనా ‘దయచేసి’ అని రాసెయ్యమని తేల్చారు.

ఆమె ఒప్పుకోలేదు. ‘దయచేసి’ గోడ మీద రాసే మాటే గానీ గుండెలోంచి వచ్చే మాట కాదంది. దయచేసి నిశ్శబ్దం పాటించండి, దయచేసి వరుసలో నిలబడండి. ఒళ్లు కాలిపోతున్న బిడ్డ పక్కన కూర్చున్న తల్లి ఆ మాట అనదు. మన భాషలో బతిమాలడమంతా క్రియ చివర ఉంటుంది: ఇవ్వవూ, రావూ, చెప్పవూ. అందుకని ఆమె “దేవా, ఈమెను బాగుచెయ్యవూ” అని రాసింది.

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “చెయ్యవు అంటే చెయ్యవనేగా అమ్మాయ్? దేవుణ్ణి పట్టుకుని నువ్వు చెయ్యవు అంటామా?”

“దీర్ఘం ఉంది కదా మాస్టారూ. ఉన్నదంతా ఆ దీర్ఘంలోనే ఉంది.”

నిజానికి ఆయన అభ్యంతరం వ్యాకరణం కాదు. అది పిల్లలు తల్లి కొంగు పట్టుకుని అడిగే తీరని, దేవుడి దగ్గర అంత చనువు పనికిరాదని ఆయన పట్టు. మోషేకు ఆ చనువు ఉందని, అతడితో తాను ముఖాముఖి మాట్లాడతానని దేవుడే ఆ అధ్యాయంలో అన్నాడని ఆమె ఎదురు చెప్పింది. ఎంతకూ తెగలేదు. భోజనం చేసొచ్చి తేల్చుకుందామని ఇద్దరూ లిఫ్టు ఎక్కారు.

రెండో అంతస్తు దాటీ దాటకముందే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. లైటు కూడా పోయింది. ఆమె తడుముకుని అలారం బటన్ నొక్కింది, తలుపు సందులోంచి కేకేసింది. మెకానిక్‌కి ఫోన్ చేశామని కింద నుంచి వాచ్‌మన్ బదులిచ్చాడు. మాస్టారు గొంతు సవరించుకుని, దయచేసి ఆయనను త్వరగా రావలసిందిగా కోరండి అన్నారు, రికార్డింగులో చదివినట్టే. చీకటి కదా అని ఆమె హాయిగా నవ్వుకుంది.

కాసేపటికి ఆయన ఊపిరి తీరు మారింది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు. ఆమె నవ్వు ఎగిరిపోయింది. పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా తగిలింది. మూసిన చోటంటే చిన్నప్పటి నుంచీ పడదని, మోకాళ్లు మొరాయించబట్టే లిఫ్టు ఎక్కుతున్నానని ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఆ తరవాత ఆ ముక్కలూ రాలేదు. ఆమె చేతిని మాత్రం ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

“ఏదో ఒకటి మాట్లాడవూ,” అన్నారు. నూతిలోంచి వచ్చే గొంతు కాదది.

ఆమె మాట్లాడింది. కూతురు జడలు వేయించుకోనని ఇల్లు పీకి పందిరేసిన సంగతి, భర్త కూరలో రెండుసార్లు ఉప్పేసి ఏమీ ఎరగనట్టు వడ్డించిన సంగతి, టీచరు తన పిల్లను అన్యాయంగా వెనక బెంచీకి మార్చిన సంగతి, నోటికొచ్చినవన్నీ చెప్పింది. మెకానిక్ వచ్చి లిఫ్టును కిందికి దింపి తలుపు తెరిచేసరికి, టీచరు తప్పెంతో పిల్ల తప్పెంతో మాస్టారు తీర్పు చెబుతున్నారు.

భోజనమయ్యాక మెట్ల మీదుగా, ఆగి ఆగి పైకి ఎక్కారు. చివరి మలుపులో ఆయన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు.

“లోపల నేనేమన్నానో విన్నావుగా?”

“విన్నాను.”

“అప్పుడే దెప్పిపొడవచ్చుగా మరి?”

“మీరేదో అడిగారు కదండీ. ముందు అది చెయ్యాలిగా.”

ఆయన తలూపారు. “నువ్వు మాట్లాడతావని తెలిసే అడిగాను. ఆ నమ్మకం లేకపోతే ఆ మాట నోటికే రాదు,” అన్నారు. మళ్లీ మెట్టెక్కుతూ, “కానీ ‘నా’ రెండుసార్లుంది. నువ్వు ఒకటి మింగేశావు,” అన్నారు.

కొత్త మాట చేర్చకుండా పిలుపునే రెండుసార్లు చేద్దామన్నది ఆయన సలహా. ఆమె పైకి అని చూసుకుంది. “దేవా, దేవా, ఈమెను బాగుచెయ్యవూ.” తను రాసినదాని కంటే బాగుంది. బెట్టు చెయ్యకుండా వెంటనే కాగితం మీద పెట్టేసింది.

మొదటిసారి ఆయన అలవాటు కొద్దీ గోడలు అదిరేలా చదివారు. ఇంజనీరు బొటనవేలు పైకెత్తాడు గానీ మాస్టారే కాదన్నారు. ఈసారి కుర్చీ వెనక్కి జరుపుకుని, పక్కనున్న మనిషిని అడిగినట్టు అడిగారు. గొంతు బాగా తగ్గింది, కాస్త పెంచనా అన్నాడు ఇంజనీరు. వద్దని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

తరవాతి వాక్యంలో దేవుడు వెంటనే సరే అనడు, ఆ అక్కను ముందు పాళెం బయట ఉంచమంటాడు. “చూశావా, అడగ్గానే చెయ్యలేదు,” అన్నారు మాస్టారు. “చివరికి చేశాడుగా,” అని ఆమె కలం తీసి, ‘పాళెం’ అంటే ఈ రోజుల్లో ఎవరికి తెలుస్తుందని ఆ మాట కొట్టేసి ‘గుడారాలు’ అని రాసింది. మాస్టారు మళ్లీ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.