బోణీ కాకముందు నడక

తిరుమల్ లెక్కలో ఒళ్లూ దుకాణం లాంటిదే. వేళకు తెరిస్తే నష్టం రాదు. షుగర్ ఉంది, నడవమని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆయన ఒక్క ఉదయం కూడా మానలేదు. "ఏమన్నా తిని నడువు" అన్న మాటనే పక్కన పెట్టాడు. బోయిగూడలోని ఆయన స్టీలు సామాన్ల దుకాణంలో తండ్రి కాలం నుంచి ఒక నియమం ఉంది. బోణీ అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ నోట్లో పెట్టకూడదు. మాత్ర తిండి కాదు గదా అని దాన్ని మాత్రం మింగి, ఖాళీ కడుపుతో స్టేషన్ దాకా వేగంగా నడిచి వచ్చేవాడు.

ఒక ఉదయం తిరిగొచ్చి షట్టర్ తీయబోతే చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. తాళంచెవి తాళంలో దూరడం లేదు. పైఅంతస్తులోని ఇంటి నుంచి భార్య ఊర్మిళ చూసి పరుగున దిగింది. ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టి చక్కెర నీళ్లు పట్టింది.

"బోణీ..." అంటూ తిరుమల్ మూతి తిప్పుకున్నాడు.

"తాగు ముందు! నువ్వు పడిపోతే ఎవరు జేస్తరు బోణీ?"

తాగాక కాసేపటికి తేరుకున్నాడు. డాక్టరు మాత్ర మోతాదు తగ్గించి, తినకుండా నడవొద్దని గట్టిగా చెప్పాడు. అయినా మర్నాడు ఊర్మిళ ఇడ్లీ పెడితే ముట్టలేదు. నడక మానితే ఒంటికి నష్టం, తిని నడిస్తే తండ్రి నియమానికి నష్టం. ఎటు కూడినా లెక్క కుదరలేదు.

"షట్టర్ ఎత్తు," అంది ఊర్మిళ.

"గింత పొద్దుగాల ఎవరొస్తరు?"

"నేనొస్త. గరిటె గావాలె."

"ఇంటి మనిషిది బోణీ గాదు."

"ఇంటి మనిషి ఉట్టిగ తీసుకపోతది. నేను పైసలిస్తున్న. ధర చెప్పు."

చెప్పాడు. ఆమె సగానికి అడిగింది.

"ఏందమ్మా, కొన్న ధర సుత రాదు!" తెలియకుండానే ఆయనకు దుకాణం గొంతు వచ్చేసింది.

"అయితే ఉంచుకో. మూలమీది దుకాణంల చూస్త."

ఊర్మిళ నిజంగానే మెట్టు దిగి, వెనక్కి చూడకుండా నడిచింది. పోయే గిరాకీని చూస్తూ ఊరుకోవడం తిరుమల్‌కు చేతకాదు.

"ఓ అమ్మా! జెర ఆగు. నీ మాటా గాదు, నా మాటా గాదు. రా, తీసుకపో!"

పిలిచాక గానీ చిక్కుకున్నానని తెలియలేదు. బేరం కుదిరాక బోణీ కాదనడానికి నోరు రాలేదు. పైసలు కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. ఇడ్లీలు తిన్నాడు. కాసేపు ఆగి ఇద్దరూ బయల్దేరారు. ఊర్మిళ ఆయన జేబులో చక్కెర పొట్లం కుక్కింది.

"మెల్లగ నడువు. నడుస్తుంటే మాట్లాడేటంత ఊపిరుండాలన్నడు డాక్టర్ సాబ్."

"ఏం మాట్లాడాలె? గంత తక్కువకు ఇస్తరా ఎవరన్న? గట్టి గరిటె అది!"

స్టేషన్ రోడ్డు పొడుగునా ఆ నష్టం గురించి చెబుతూనే ఉన్నాడు. ఊర్మిళ అడ్డుపడలేదు. మాట నడిచినంతసేపూ మనిషి బాగున్నట్టే అని ఆమె లెక్క. ఎక్కడన్నా ఆయన గొంతు ఆగితే, ముఖం వైపు ఒకసారి చూసి మోచేత్తో పొడిచేది.

"రేపు పళ్లెం గావాలె. ఎంతకిస్తవు?"