దూది మెత్త

కత్తెరమ్మ దగ్గర గౌను కుట్టించుకున్న ఏ ఆడమనిషికైనా రెండు భుజాలూ సమానంగా ఉంటాయి. దేవుడిచ్చిన భుజాలు కావవి, కత్తెరమ్మ ఇచ్చినవి. నడుము లేనివాళ్ళకు ఆవిడ నడుము తెప్పిస్తుంది, వంగిన వీపును నిటారుగా నిలబెడుతుంది. అందుకే పెద్దింటి ఆడవాళ్ళు నెలల ముందే వచ్చి ఆవిడ మేడమెట్ల మీద పడిగాపులు కాస్తారు. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, గుర్తు చేయాలని ఆవిడకూ లేదు.

ఈ విద్య అంతా చెల్లెలి ఒంటిమీద నేర్చుకున్నదే. చెల్లెలు బుజ్జికి పుట్టుకతోనే వెన్ను కాస్త వంకర. ఎడమ భుజం దిగి ఉంటుంది. తల్లి పోయాక బుజ్జిని బడికి తయారుచేసే పని అక్క నెత్తిన పడింది. పిల్లలు నవ్వారని బుజ్జి ఏడ్చుకుంటూ ఇంటికొస్తే, అక్క పాత దిండు చించి, దూది తీసి, చొక్కా లోపల ఎడమవైపు మెత్తలా పెట్టి కుట్టింది. మర్నాడు ఎవరూ నవ్వలేదు. అప్పట్నుంచి మెత్త లేని బట్ట బుజ్జి ఒంటిమీదికి ఎక్కలేదు. తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా సరే.

అలాంటి బుజ్జి ఒక మధ్యాహ్నం వచ్చి, బల్ల పక్కన నిలబడి, "అక్కా, నాకో గౌను కుట్టిపెట్టు. మెత్త మాత్రం వద్దు," అంది.

అప్పుడు కత్తెరమ్మ నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వాటిని ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసేసరికి కోపం కాస్త చల్లారింది.

బుజ్జి ఒక పాటల బృందంలో వెనక వరుసలో పాడుతుంది. వెనకే ఎందుకు నిలబడుతుందో అక్కాచెల్లెళ్ళిద్దరికీ తెలుసు, ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇన్నేళ్ళకు బృందం పెద్దాయన ఆమెను ముందుకొచ్చి ఒక్కర్తినే పాడమన్నాడు.

"మెత్త పెడితే నీ సొమ్మేం పోయిందే? అలవాటైందేగా."

"గట్టిగా ఊపిరి పీలిస్తే అక్కడ పట్టేస్తుంది. అదీ కాదులే. ఒక్కసారి నాలా నేను నిలబడాలనుంది."

"జనం చూస్తారే పిచ్చిదానా."

"చూడనీ. చూట్టానికేగా వచ్చేది. పెట్టనని మాటివ్వు అక్కా."

కత్తెరమ్మ మాటిచ్చింది.

ఇచ్చాక ఊరుకునే మనిషి కాదు. మామూలుగా అయితే గుడ్డను మడిచి రెండు పక్కలూ ఒకేసారి కోస్తారు. ఈసారి ముదురు నీలం పట్టుగుడ్డను బల్ల పొడుగునా విప్పి పరిచి, ఎడమ భాగానికో కాగితం, కుడి భాగానికో కాగితం వేరువేరుగా గీసింది. చంకల లోతు వేరు, చేతుల పొడుగు వేరు, నడుము కుట్టు ఒకవైపు దిగి మరోవైపు ఎక్కింది. లైనింగంతా చేత్తోనే కుట్టింది. అంచు బరువుగా వేలాడాలని మడతలో సన్నటి గొలుసు దాచింది. ఆవిడ దగ్గర పనిచేస్తూ కాజాలు కుట్టే పిన్ని ఆ ముక్కలు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేంటమ్మా, ఎడమకీ కుడికీ పొంతనే లేదు! నిద్రలో కోశావా?"

"నోరు మూసుకుని కాజాలు కుట్టు. అది వేసుకున్నాక చూద్దువుగాని."

బుజ్జి వేసుకున్నాక పిన్ని నిజంగానే నోరు మూసుకుంది. భుజం దిగే ఉంది. ఎవరూ దాన్ని దాచలేదు. గుడ్డ ఆ వాలును పట్టుకుని నడుము దాకా జారి, అక్కణ్ణుంచి ఎక్కడా ముడత పడకుండా పాదాల దాకా దిగింది. బుజ్జి అద్దం ముందు నిలబడి ఊపిరి నిండుగా పీల్చి వదిలి, అక్క చేతిని పట్టుకుంది. తన జన్మలో ఇంత గొప్ప గౌను ఇదివరకు కుట్టలేదని కత్తెరమ్మకు తెలుసు. బుజ్జి విప్పాక, గర్వంతో దాన్ని వచ్చేపోయేవాళ్ళకు కనపడేలా కొలతల కొయ్యబొమ్మకు తొడిగింది.

ఆ గర్వమే కొంప ముంచింది. మర్నాడు డాక్టరుగారి భార్య తన కోటు ట్రయల్‌కు వచ్చింది. గౌను బొమ్మ మీదే ఉంది. బొమ్మ భుజాలు సమానం కాబట్టి దాని మీద గౌను ఒంటికాలి మీద నిలబడ్డట్టుంది.

"అయ్యయ్యో, మీ చేతిలో కూడా బట్టలు చెడిపోతాయన్నమాట!" అని ఆవిడ పడీపడీ నవ్వింది. "ఎవరికీ చెప్పన్లెండి. ఆదివారం పాటల కార్యక్రమానికి వస్తున్నారా? మేమంతా వస్తున్నాం."

'చెడిపోలేదు, మా చెల్లెలిదండీ' అనొచ్చు. ఎంతసేపు పడుతుంది ఆ మాటకు? కత్తెరమ్మ కోటు కాలరు సర్దుతూ ఉండిపోయింది. శనివారం పిన్ని రాకముందే తలుపు గడియపెట్టి, గౌను ఎడమ భుజం కుట్టు విప్పింది. లోపల వదిలిన గుడ్డను పైకి తీసి, రెండే రెండు పొరల మెత్త పెట్టి మళ్ళీ కుట్టేసింది. దాని మంచికేగా అనుకుంది. దాని మంచికట! మన పరువు కాపాడుకోవడానికి ఎదుటివాళ్ళ మంచి ఎంత అక్కరకొస్తుందో!

ఆదివారం వేదిక వెనక గదిలో కత్తెరమ్మ వీపు మీది గుండీలు పెడుతోంది. బుజ్జి ఉన్నట్టుండి కదలడం మానేసింది. కుడిచేత్తో ఎడమ భుజాన్ని నొక్కి చూసుకుంది. చిన్నప్పట్నుంచీ మోసిన బరువు, తెలియకేం?

"మాటిచ్చావు," అంది.

"రెండు పొరలేనే. నీకోసమే."

"నాకోసమైతే నేనే వద్దన్నాగా. ఎవరికోసం?"

"నా కత్తెర తప్పిందనుకోరూ జనం?"

నోరు జారాక ఏం లాభం. బుజ్జి అద్దంలోంచి అక్కను చూసింది.

"అంటే ఇన్నేళ్ళూ అందుకేనా అక్కా?"

కత్తెరమ్మ కాదని గట్టిగా అనబోయింది. ఆ చొక్కా, ఆ దిండు, ఆ పిల్ల ఏడుపు గుర్తొచ్చాయి. అప్పుడు నిజంగా కాదు. తర్వాత ఎప్పుడు మారిందో ఆవిడకే తెలియలేదు. ఈలోపు బుజ్జి గుండీలు విప్పేసుకుంది. ఇంటి నుంచి వేసుకొచ్చిన గోధుమరంగు గౌనుకు లోపలున్న మెత్తను పళ్ళతో దారం తెంపి పీకేసింది. అది తొడుక్కుని వేదిక మీదికి వెళ్ళిపోయింది. కత్తెరమ్మ హాల్లోకి వచ్చి కూర్చుంది.

దీపాల వెలుగులో ఆ గౌను కాలరు ఒకపక్కకు పీక్కుపోయింది, అంచు ఒకవైపు మోకాలి దాకా లేచింది. బుజ్జి ఊపిరి నిండుగా పీల్చి పాడింది. హాలంతా చప్పుడు లేకుండా వింది. అంత గొంతు తన చెల్లెలికి ఉందని అక్కకే తెలియదు. ఆవిడ కళ్ళ నీళ్ళు ఆగలేదు.

పక్క కుర్చీలోంచి డాక్టరుగారి భార్య చెవి దగ్గర చేరింది. "ఏం గొంతండీ! ఆ గౌనే ఘోరంగా ఉంది పాపం. మీ దగ్గరికి రమ్మని చెప్పే దిక్కు లేనట్టుంది. ఎవరో తెలుసా మీకు?"

"తెలీదండీ," అంది కత్తెరమ్మ.

సోమవారం ఆవిడ మెత్త తీసేసి, భుజం మొదట ఉన్నట్టే కుట్టి, గౌను ఇచ్చిరమ్మని పిన్నిని బుజ్జి ఇంటికి పంపింది. పిన్ని ఆ మూటతోనే తిరిగొచ్చింది. "ఎవరికైనా సరిపోతే ఇచ్చెయ్యమందమ్మా," అని బల్ల మీద పెట్టి తన పనిలో పడింది.

ఎవరికి సరిపోతుంది? గౌను ఇప్పటికీ బొమ్మ మీదే వంకరగా వేలాడుతోంది. ట్రయల్‌కు వచ్చిన డాక్టరుగారి భార్య ప్రతిసారీ, "ఇంకా పారెయ్యలేదా దాన్ని?" అని నవ్వుతుంది. అది మా చెల్లెలిదని చెప్పాలని కత్తెరమ్మ ప్రతిసారీ అనుకుంటుంది. ఆవిడ నోట్లో ఎప్పుడూ గుండుసూదులే ఉంటాయి.