రెండో జత కళ్ళు

ఆ ఎండాకాలం సెలవుల్లో నా కళ్ళకు పని దొరికింది. నాకు కాదు, కళ్ళకే.

మా పెద్దమ్మ కూతురు, నేను అక్క అని పిలిచేది, ఊరవతల చిత్తడి నేలల పక్కనున్న చిన్న ల్యాబులో పనిచేస్తుంది. ఆ మడుగుల్లోనూ, ఆ నీళ్ళ మీద బతికే జంతువుల కడుపుల్లోనూ ఎన్ని రకాల ఏకకణ జీవులున్నాయో తేల్చడం అక్కడి పని. ఒక్కో చుక్కనూ మైక్రోస్కోపు కింద పెట్టి, కనిపించినదల్లా బొమ్మ గీయాలి. ల్యాబుకు పెద్దావిడను అందరూ మేడమ్ అంటారు. ఆవిడ కంటికి అప్పుడే శుక్లాల ఆపరేషను అయింది. రెండు నెలలు మైక్రోస్కోపు జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. అందుకని అక్కకు తోడుగా ఇంకో జత కళ్ళు కావలసి వచ్చాయి.

మొదటి రోజు ఆవిడ ముందు నిలబడి, నాకు సైన్సు సరిగా రాదని గొణిగాను.

"ఏంటమ్మా? నాకు కళ్ళే పోయాయి, చెవులు బాగానే ఉన్నాయి. గట్టిగా చెప్పు."

"దానికేమీ తెలీదంటోంది మేడమ్" అంది అక్క.

"అదే నాకు కావాల్సింది. మీ అక్కకి అన్ని పేర్లూ వచ్చు. పేరొచ్చినవాళ్ళు పేరునే చూస్తారు. నీకు ఏ పేరూ రాదు కాబట్టి ఉన్నదే చూస్తావు. గీయి, బోర్లించు. మీ అక్కా గీసి బోర్లిస్తుంది. ఇద్దరి బొమ్మలూ కలిస్తేనే ఆ జీవి ఉన్నట్టు. అంతదాకా ఒకరి కాగితం ఒకరు చూడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు."

మాట్లాడకూడదనే ఉద్యోగం నాకోసమే పుట్టిందనుకున్నాను.

అక్క పని ఆ నెలాఖరుకు అయిపోతుంది. పై ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చి చూసి, బాగుందంటే ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారు. పొడిగిస్తే నన్ను తన దగ్గరే ఉంచుకుని కాలేజీలో చేర్పిస్తానని అక్క మా అమ్మకు మాటిచ్చింది. లేకపోతే అక్క తట్టాబుట్టా సర్దుకోవాలి, నేను మా ఊరికి పోవాలి. మా ఊళ్ళో బడి పదో తరగతితో సరి.

నమూనాలు తెచ్చేది డ్రైవర్ బాబాయి. తలమీద ఒక్క వెంట్రుక లేదు గానీ మాటలకు మాత్రం కరువు లేదు. పొద్దున్నే మడుగుల నీళ్ళ సీసాలు, గేదెల పేడ, బాతుల రెట్ట, తడిగుడ్డ కప్పిన బకెట్లో కప్పలు దించేవాడు. కప్పలను గంటసేపు డబ్బాలో ఉంచి, అవి వదిలినది తీసుకుని, మళ్ళీ ఏ మడుగువి ఆ మడుగులో వదిలి రావాలి.

"ఈ వయసులో కప్పలకి కారు తోలుతున్నా. ఒక్కటీ థాంక్యూ చెప్పదు" అనేవాడు. నన్ను మాటల పుట్ట అని పిలిచేవాడు. "ఏమ్మా మాటల పుట్టా, ఇవాళైనా నోరు విప్పుతావా?"

కప్పలోంచి తీసిన చుక్కలో మొదటిసారి చూసినప్పుడు కన్ను తీయబుద్ధి కాలేదు. పలుచటి ఆకుల్లాంటివి, వెండి పూత పూసినట్టు మెరుస్తూ, గుంపులు గుంపులుగా ఈదుతున్నాయి. ఎంత వెతికినా వాటికి నోరు కనిపించలేదు. నోరు లేకుండానే గీశాను. అక్కా అలాగే గీసింది. అవి ఒంటితోనే తిండి పీల్చుకుంటాయని, వాటికి నిజంగానే నోరుండదని మేడమ్ చెప్పింది.

"నోరు లేదా? అయితే ఈ పిల్లకి చుట్టమే" అన్నాడు బాబాయి.

మడుగు నీటి చుక్కలో మరో రకం కనిపించింది. అయోడిన్ వేశాక కదలకుండా పడి ఉన్న గుండ్రటి జీవి. దాని నెత్తి మీద పొడవాటి వెంట్రుకలు, ఐదారు, వంకీ తిరిగి ఉన్నాయి. ఆ రోజు నా వంతు ముందు. గీసి బోర్లించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. తర్వాత అక్క గీసింది. మధ్యాహ్నం కాగితాలు తిప్పితే రెండింటిలోనూ వెంట్రుకలున్నాయి. మేడమ్ కుర్చీలోంచి లేచింది.

"ఇలాంటిది ఈ మడుగుల్లో ఎవ్వరూ చూడలేదే!"

మర్నాడూ నా వంతే ముందు. మళ్ళీ వెంట్రుకలు కనిపించాయి. మూడో రోజూ కనిపించాయి. నాలుగో రోజు అక్క ముందు చూసింది. నేను చూసేసరికి గుండ్రటి జీవి ఉంది గానీ నున్నగా, బోడిగా ఉంది. ఎంతసేపు చూసినా అంతే.  నా కళ్ళు పనికిరావని తేలితే నన్ను పంపేస్తారు. అక్క కిటికీ వైపు తిరిగి నీళ్ళు తాగుతోంది. బోర్లించిన ఆమె కాగితం అంచు వేలితో లేపి చూశాను. వెంట్రుకలున్నాయి. నేనూ పెట్టాను.

ఆ తర్వాత అది అలవాటైపోయింది. కప్పలో, బాతులో, గేదె పేడలో, ఎక్కడ గుండ్రటి జీవి కనిపించినా దానికి వెంట్రుకలు మొలిచాయి. మొత్తం పదకొండు నమూనాల్లో ఇద్దరి బొమ్మలూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. బాబాయి దానికి జుట్టుపోలిగాడని పేరు పెట్టాడు. "నాకు లేని జుట్టు దానికెందుకో" అనేవాడు. మేడమ్ మాత్రం రోజూ అదే మాట. నీళ్ళలోనూ, మూడు రకాల జంతువుల్లోనూ ఒకే జీవి బతకడం తన ముప్పై ఏళ్ళ పనిలో చూడలేదని, పై ఆఫీసువాళ్ళకు ఇదొక్కటి చూపిస్తే చాలని.

రేపు వాళ్ళు వస్తారనగా మేడమ్ నాకు నిలువెత్తు చార్టు ఇచ్చింది.

"నీ చెయ్యి బాగుంటుంది. మన జుట్టుపోలిగాడిని పెద్దగా వెయ్యి. అందరికీ కనబడాలి."

ఏ బొమ్మ చూసి వేస్తే బాగుంటుందోనని పదకొండింటినీ నేల మీద వరసగా పరిచాను. జీవి ఒక్కోదాంట్లో ఒక్కో తీరుగా పడి ఉంది. ఒకదాంట్లో బోర్లా, ఒకదాంట్లో పక్కకు, ఒకదాంట్లో తలకిందులుగా. లోపలి నల్లటి చుక్కను బట్టి ఆ సంగతి తెలుస్తోంది. వెంట్రుకలు మాత్రం పదకొండింటిలోనూ కాగితం పై అంచు వైపే ఉన్నాయి. తలకిందులుగా పడినదానికి కూడా పైనే.

మనిషి శీర్షాసనం వేస్తే జుట్టు కాళ్ళకు మొలుస్తుందా?

మొదటి స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అక్క బయట గాజు సామాను కడుగుతోంది. చూశాను. గుండ్రటి జీవి, బోడిది. మొదటి రోజుల్లో ఎలా చూసేదాన్నో గుర్తు తెచ్చుకున్నాను. భయంతో కన్ను గాజుకు ఆనించేసేదాన్ని. ఇప్పుడూ అలాగే ఆనించాను. పైనుంచి వెంట్రుకలు దిగాయి. ఐదారు, వంకీ తిరిగినవి. స్లైడును పక్కకు జరిపాను. జీవి జరిగిపోయింది, వెంట్రుకలు ఉన్నచోటే ఉన్నాయి. ఊపిరి బిగబట్టి కన్నార్పాను.

వెంట్రుకలు కూడా కన్నార్పినట్టు కదిలాయి.

 అవి నా కనురెప్పల వెంట్రుకలు. పదకొండు చోట్ల దొరికిన కొత్త జీవి నా కంటి మీద కూర్చుని ఉంది.

వెంటనే ఇంకో సంగతి తట్టింది. నావి నా రెప్పలు సరే. మరి అక్కకెలా కనిపించాయి? అక్క కళ్ళజోడు పెట్టుకునే చూస్తుంది. ఆమె రెప్పలు గాజు దాకా వెళ్ళనే వెళ్ళవు.

మేడమ్ బల్ల దగ్గర బాబాయి చేత రిపోర్టు చదివించుకుంటోంది. అక్క గాజు పలకల ట్రేతో లోపలికి వచ్చింది. నేను వెళ్ళి నిలబడ్డాను. 

"మేడమ్, జుట్టు లేదు."

బాబాయి తల తడుముకున్నాడు. "ఇన్నాళ్ళకి నోరు విప్పి ఈ పిల్ల చెప్పిన మాట ఇదా?"

"మీకు కాదు బాబాయ్. జుట్టుపోలిగాడికి."

చెప్పాను. మొదటి మూడు రోజులే నాకు కనిపించిన సంగతి, పై అంచు సంగతి, స్లైడు జరిపితే జరగకపోవడం, కన్నార్పితే కదలడం. చెబుతూ కన్నార్పి చూపించాను కూడా. మేడమ్ ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"మూడు రోజులే కనిపించాయన్నావు. తర్వాత ఎనిమిది బొమ్మల్లో ఎలా పెట్టావు?"

"అక్క కాగితం చూసి."

అక్క చేతిలో ట్రే ఒరిగింది. ఒక పలక జారి నేల మీద ముక్కలైంది. ఎవరూ వంగలేదు.

"నా కాగితం చూశావా?"

"ఊఁ."

"ఒసేయ్!" అక్క గొంతు కీచుమంది. "నేను నీ కాగితం చూసి గీశానే!"



"మొదటి రోజే" అంది అక్క, మేడమ్ వైపు చూడకుండా. "నాకు బోడిగానే కనబడింది మేడమ్. రెండుసార్లు జోడు తుడుచుకున్నాను. ఇది చేతులు కడుక్కుంటుంటే దీని కాగితం చూశాను. పల్లెటూరి బడి పిల్లకి కనబడింది, ఇంత చదివిన నాకు కనబడలేదంటే ఎలా చెప్పుకోను? తర్వాత ఎక్కడ గుండ్రటిది కనబడ్డా ఉండే ఉంటాయిలే అని పెట్టేశాను."

"దాన్ని చూసి నువ్వు, నిన్ను చూసి అది" అంది మేడమ్. ఆ మాట తనకే అర్థం కానట్టు మళ్ళీ అంది. "దాన్ని చూసి నువ్వు, నిన్ను చూసి అది. ఇద్దరిలో ఎవరూ జీవిని చూడలేదు."

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది" అన్నాడు బాబాయి నెమ్మదిగా. "దూడకి పేరు పెట్టింది నేనే." ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

మేడమ్ ఫోను అందుకుంది. మా ముందే పై ఆఫీసుకు చేసింది.

"రేపు చూపిస్తానన్నది లేదండీ. జీవి ఉంది, మామూలుదే. వెంట్రుకలే లేవు. అవి మా పిల్ల కనురెప్పలవి. అవునండీ, మీరు విన్నది నిజమే, కనురెప్పలవి." చాలాసేపు వింది. అక్క గోడకు ఆనుకుని నిలబడింది.  మేడమ్ అక్క పేరైనా చెబుతుంది, లేదా నాదైనా చెబుతుంది అనుకున్నాను.

"ఎవరి తప్పంటే నాదే" అంది మేడమ్. "నా కళ్ళు పనిచేయట్లేదు కదాని ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాగితం బోర్లిస్తే చాలనుకున్నాను. అడుగుతున్నది మూడేళ్ళు కాదండీ. ఇప్పుడు అడిగే మొహం లేదు. మూడు నెలలు ఇవ్వండి. మొత్తం మొదటినుంచి చేయిస్తాను."

ఫోను పెట్టేసింది. వాళ్ళు రేపు రావడం మానుకుని, మూడు నెలలు ఇచ్చారు. పదకొండు బొమ్మలే కాదు, మేం కలిసి గీసినవన్నీ కట్టగట్టి బీరువాలో పెట్టించి తాళం వేసింది. నోరు లేని వెండి ఆకులు కూడా అందులోకే పోయాయి. అవి నేను సొంతంగా చూసినవేనని చెప్పబోయాను. నన్ను నమ్మడానికి ఆవిడ దగ్గర ఇక ఏ కారణమూ లేదని తట్టి ఆగిపోయాను.

ఆ సాయంత్రం మా అద్దె గదిలో అక్క అన్నం వండింది, నా కంచంలో వడ్డించింది, తను కలుపుతూ కూర్చుంది గానీ తినలేదు.

"ముందు నాతో చెప్పచ్చుగా" అంది చివరికి. "మేడమ్ దగ్గరికి పోయేముందు. అక్కని కదా."

"నీతో చెబితే నువ్వు వద్దంటావేమోనని."

"అంటే?"

"నువ్వు వద్దంటే నేను మానేసేదాన్ని."

అక్క కంచం పక్కకు నెట్టింది. చెంపదెబ్బ తిన్న మనిషిలా ఉంది. "అనేదాన్నే" అంది. "ఒట్టు. వద్దనే అనేదాన్ని." లేచి చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు పొద్దున బాబాయి ఎక్కడినుంచో పాత తలుపు రెక్క మోసుకొచ్చి బల్ల మధ్యలో నిలబెట్టి మేకులు కొట్టాడు. అవతల అక్క, ఇవతల నేను, చెరో మైక్రోస్కోపుతో. స్లైడు ముందు అక్క చూశాక మేడమ్ చేతుల మీదుగా నా దగ్గరికి వచ్చింది. మేడమ్ కుర్చీ తలుపు చివర వేసుకుని కాపలా కూర్చుంది. పరీక్ష హాల్లో కూడా నేనింత భయపడలేదు. కన్ను గాజుకు ఆనించకుండా, వేలి మందం దూరంలో నిలిపి చూశాను. ఉన్నదే గీశాను. అవతలి నుంచి అక్క రబ్బరు రుద్దే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం కాగితాలు తిప్పారు. గుండ్రటి జీవి రెండింటిలోనూ బోడిగా ఉంది. నా కాగితంలో ఎడమవైపు కింద ఇంకొకటి ఉంది. సన్నగా పొడుగ్గా, లోపల పూసల దండ పేర్చినట్టున్నది. అక్క కాగితంలో అక్కడ ఖాళీ.

"ఇది లేదు" అంది అక్క.

"ఉంది."

"లేదే. మూల మూలా వెతికాను. దారప్పోగేమో."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ ఇప్పుడు తనే చూసి తీర్పు చెప్పే వీల్లేదు. ఈ మూడు నెలలూ ఇలా గడిచి, చివరికి ఇద్దరివీ కలవకపోతే అక్క పని పోతుంది, నా కాలేజీ పోతుంది. లేదని ఒక్క మాట అంటే ఇప్పుడే కలిసిపోతాయి. 

"ఉందక్కా" అన్నాను. "దారప్పోగు కాదు. నువ్వే చూడు."

అక్క జోడు తీసి చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నా మైక్రోస్కోపు మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది. అక్క నా ముఖం చూసి ఏదీ తెలుసుకోకుండా ఉండాలని, నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.